కుమ్మరి కుండకు లేని పేరు స్టూడియో కప్పుకు ఎలా వచ్చింది?

రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో కొన్నా, హైదరాబాద్‌లో కొన్నా స్టూడియోలో చేసిన ఒక్క కాఫీ కప్పు ధరకు కుమ్మరి దగ్గర కుండలే కొనుక్కోవచ్చు. రెండూ మన్నే. తేడా మొదట మంటలో ఉంది. కుమ్మరి ఆవంలో కుండ సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య కాలుతుంది. సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి కాబట్టే అందులో నీళ్లు చల్లబడతాయి. స్టూడియో కుమ్మరులు ఎక్కువగా చేసే స్టోన్‌వేర్ 1200 డిగ్రీలు దాటి కాలుతుంది. మన్ను రాయిలా బిగుస్తుంది, పైన పూసిన గ్లేజు కరిగి గాజులా అంటుకుంటుంది.

ధరలో తేడాకు మంట ఒక్కటే కారణం కాదు. స్టూడియో కప్పు అడుగున చేసినవారి సంతకం ఉంటుంది. కుండ మీద ఉండదు.

ఈ సంతకం సంప్రదాయం మన దేశంలో సర్దార్ గురుచరణ్ సింగ్‌తో మొదలైందని చెబుతారు. 1919లో ఆయన సిరామిక్స్ చదవడానికి జపాన్ వెళ్లారు. అక్కడ బెర్నార్డ్ లీచ్, షోజి హమదా, సొయెత్సు యనాగి పరిచయమయ్యారు. పేరు లేని పల్లె పనివాడు రోజువారీ వాడకానికి చేసిన పాత్రలోనే అసలు అందం ఉందన్నది యనాగి వాదన. అదే తరువాత 'మింగేయ్' ఉద్యమమైంది. కుమ్మరి వాడలున్న దేశం నుంచి వెళ్లినవారికి పల్లె కుండ గొప్పతనం జపాన్‌లో వినిపించడం విచిత్రమే. అయితే గురుచరణ్ సింగ్‌కు ఇంట్లోనూ ఒక గురువున్నారు. ఢిల్లీ నీలి గ్లేజు పని తెలిసిన సంప్రదాయ కుమ్మరి అబ్దుల్లా. 1952లో సింగ్ నెలకొల్పిన ఢిల్లీ బ్లూ ఆర్ట్ పాటరీ పేరులోని నీలం ఆ వారసత్వానిదే.

తెలుగువారికి దగ్గరి పేరు నిర్మలా పట్వర్ధన్. 1928లో హైదరాబాద్‌లో పుట్టిన ఆమె శాంతినికేతన్‌లో, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో చదివి, ఇంగ్లండ్‌లో లీచ్ దగ్గర పనిచేశారు. తిరిగి వచ్చాక ఎదురైన చిక్కు చాలా మామూలుది: విదేశీ పుస్తకాల్లోని గ్లేజు పాళ్లు ఇక్కడి ముడిసరుకుకు సరిపోవు. ఫెల్డ్‌స్పార్ గని మారితే చాలు, గ్లేజు రంగు మారిపోతుంది. వరి ఊక బూడిదలో సిలికా ఎక్కువ, కట్టెల బూడిదలో సున్నం ఎక్కువ. ఒకటి గాజుకు మూలం, మరొకటి దాన్ని కరిగిస్తుంది. ఇలాంటివన్నీ పరీక్షించి, దేశంలో దొరికే పదార్థాలతో కుదిరే గ్లేజులను ఆమె 1984లో కుమ్మరుల కోసం ఒక కరదీపికగా అచ్చువేయించారు. ఆమె కుండల కంటే ఆ పుస్తకమే ఎక్కువ మంది చేతుల్లోకి వెళ్లి ఉంటుంది. నిజానికి ఈ ముడిసరుకుకు తెలుగు నేలలో కరువు లేదు. గూడూరు చుట్టుపక్కల ఫెల్డ్‌స్పార్, పలుగురాయి, ద్వారకా తిరుమల వైపు బాల్ క్లే దొరుకుతాయి.

పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ అనే అమెరికన్లు మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ కూడా స్థానికంగా దొరికిన సరుగుడు కట్టెల మంటతోనే తన రంగులు వెతుక్కుంది. నేటి స్టూడియో కుమ్మరుల్లో చాలామంది అక్కడ శిక్షణ పొందినవారే.

జపాన్, ఇంగ్లండ్, పుదుచ్చేరి ఏవీ తెలియకుండా మన్ను పట్టినవారూ ఉన్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతం, పుహ్‌పుత్రా గ్రామానికి చెందిన సోనాబాయి రాజ్‌వార్ పెళ్లయ్యాక ఏళ్ల తరబడి ఇల్లు దాటలేదు. భర్త బయటివారితో కలవనివ్వలేదు. ఆమెకు సారె లేదు, ఆవం లేదు. పసివాడైన కొడుక్కి ఆటబొమ్మలుగా పచ్చిమన్నుతో మనుషులను, పక్షులను, జంతువులను చేశారు. వెదురు బద్దలను వలయాలుగా చుట్టి, మన్ను పూసి, ఎండ నేరుగా పడకుండా జాలీలు అల్లారు. వంటింట్లో దొరికే పసుపు వంటివే మొదట్లో రంగులు. 1980లలో భోపాల్ భారత్ భవన్ వాళ్ల కంట పడేదాకా అది కళ అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తరువాత జాతీయ పురస్కారం, తులసీ సమ్మాన్ వచ్చాయి. 2007లో ఆమె కన్నుమూశారు. ఆ బొమ్మలతో ఆడుకున్న కొడుకు కూడా పెద్దయ్యాక అదే పని చేపట్టారు.