రక్తపు నేత: గాయము మాన్పుటయందు రక్తఫలకికల చరిత్ర

షోలాపురపు తూర్పుభాగమనగానే తెలుగు నేతగాండ్ర వాడలు స్ఫురించును. 1877 లో ఈ పురమున నూలుమిల్లు వెలసెను. తెలంగాణ జిల్లాలనుండి వలసవచ్చిన పద్మశాలీ కుటుంబములు సాఖర్‌పేట, దాజీపేట మున్నగు తావుల స్థిరపడి మగ్గములు నిలిపినవి. చరిత్రలో నేసిన బట్టకు దొరకిన చోటు నేసినవాని గాయమునకు దొరకదు. నాడె తగిలి చితికిన వ్రేలు, దినమంతయు నిలుచుండి పనిచేయువాని పాదమున మధుమేహముచే మానని పుండు, ఇవియు మన చరిత్రలోనివే. రోగి రక్తమునే గాయమునకు మందుగా వాడు పద్ధతి యొకటి నేడు ప్రచారమునకు వచ్చినది. దాని పుట్టుపూర్వోత్తరములను, దానికి తగిన చోటును విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

వ్రణచికిత్స మన దేశమునకు క్రొత్త కాదు. సుశ్రుతుడు చికిత్సాస్థానమున వ్రణమునకు 60 ఉపక్రమములను చెప్పియున్నాడు. అయినను గడ్డకట్టిన రక్తమున నేమున్నదో తెలియుటకు సూక్ష్మదర్శిని రావలసివచ్చెను. 1666 లో ఇటలీ దేశీయుడగు మాల్పీగీ రక్తపు గడ్డను నీట కడిగి పరిశీలింపగా తెల్లని పోగుల అల్లిక కనబడెను. ఫైబ్రిన్ అనబడు ఈ పోగులే గాయముపై వలవలె అల్లుకొని రక్తస్రావమును నిలుపును. పడుగుపేకల నెరిగిన మనవారికి ఈ విషయమును వేరుగ వివరింప నక్కరలేదు. 1882 లో ఆ దేశమువాడే యగు బిజ్జొజేరో, రక్తములోని ఫలకికలు, అనగా ప్లేట్‌లెట్లు, దెబ్బతిన్న నాళమునకు అంటుకొని రక్తమును నిలుపుటకు తోడ్పడుచున్నవని చూపెను.

రక్తము నిలుపుటతోనే వాని పని ముగియదు. ఫలకికలనుండి వెలువడు ద్రవ్యము కణవృద్ధిని ప్రేరేపించునని 1974 లో అమెరికాలో రస్సెల్ రాస్ ప్రభృతులు నిరూపించిరి. ఆరోగ్యవంతుని రక్తమున ఘన మిల్లీమీటరునకు సుమారు 1,50,000 మొదలు 4,50,000 వరకు ఫలకికలుండును. రక్తమును కొలదిగా తీసి అపకేంద్ర యంత్రమున త్రిప్పినచో ఎఱ్ఱకణములు అడుగునకు దిగును. పైని పసుపువన్నె ప్లాస్మాను వేరుచేసి, అందు ఫలకికలను చిక్కపరతురు. దీనినే పి.ఆర్.పి. అందురు.

1986 లో అమెరికాలో నైటన్ ప్రభృతులు చిరకాలము మానని పుండ్లు గల 49 మంది రోగులకు వారి ఫలకికలనుండి తీసిన ద్రవ్యమునే పూసి సత్ఫలితములను ప్రకటించిరి. 2016 లో కాక్రేన్ సంస్థ అంతవరకు జరిగిన పరీక్షలను సమీక్షించి, ఈ చికిత్స మధుమేహపు పాదవ్రణములకు మేలుచేయవచ్చునని, అయితే నిదర్శనములు బలహీనములని తేల్చెను. 2021 లో అమెరికా ప్రభుత్వపు మెడికేర్ పథకము మధుమేహపు దీర్ఘవ్రణములకు 20 వారముల వరకు ఈ చికిత్స వ్యయమును భరించుటకు అంగీకరించెను.

ఇంతలో ఈ మందు గాయమును విడిచి ముఖసౌందర్యమునకు ప్రాకినది. ముడుతలు పోవునని, వయస్సు తగ్గునని ప్రకటనలు బయలుదేరినవి. 2018 లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరీక్షయందు రోగులు తమ చర్మము మెరుగుపడినదని చెప్పిరి. కాని ఏ చెంపకు చికిత్స జరిగినదో తెలియక ఛాయాచిత్రములను పరిశీలించిన వైద్యులకు చెప్పుకోదగిన భేదము కానరాలేదు. అదే సంవత్సరము న్యూమెక్సికో రాష్ట్రమున అనుమతిపత్రము లేని ఒక సౌందర్యశాల మూతపడెను. ఒకసారి వాడి పారవేయవలసిన పరికరములను అచ్చట మరల వాడిరి. ఆ శాలలో ముఖమునకు పి.ఆర్.పి. చేయించుకొన్న కొందరు స్త్రీలకు హెచ్.ఐ.వి. సోకినట్లు 2024 లో ప్రభుత్వ నివేదిక వెలువడెను. రక్తము తనదే యైనను సూది తనది కానిచో ముప్పు తప్పదు.

మన షోలాపురము క్షతచికిత్సకు దూరమైన ఊరు కాదు. చైనాలో యుద్ధక్షతులకు సేవచేయుచు 1942 లో 32 ఏండ్లకే అసువులు బాసిన డాక్టర్ ద్వారకానాథ కోట్నీసు 1910 లో ఇచ్చటనే జన్మించెను. 1963 లో ఇచ్చట వైద్యకళాశాలయు నెలకొన్నది. కాన మన వాడలలో మానని పుండును పసుపుతో కప్పి నెలలు గడపుట తగదు. మధుమేహమును అదుపునందుంచుట, పుండును శుభ్రపరచుట, పాదముపై బరువు పడనీయకుండుట, కాలికి రక్తప్రసారము సరిగా నున్నదో లేదో పరీక్షింపించుట ముందు జరుగవలెను. పి.ఆర్.పి. వీనికి తోడుపడునదే గాని వీని స్థానమున నిలువజాలదు. సన్నని ముడుత కంటె మానని పుండు ముందుగా చికిత్స కోరుచున్నదని మనవారు గుర్తింతురుగాక.