ఎడ్విన్ లింక్

ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్ (జూలై 26, 1904 - సెప్టెంబరు 7, 1981) అమెరికా దేశానికి చెందిన ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. విమానం నడపడాన్ని నేలమీదనే నేర్పే "లింక్ ట్రైనర్" అనే యంత్రాన్ని రూపొందించాడు. నేటి ఫ్లైట్ సిమ్యులేటర్లకు ఇదే మూలరూపమని చెప్పవచ్చు.

తొలి జీవితం

లింక్ ఇండియానా రాష్ట్రంలోని హంటింగ్టన్‌లో జన్మించాడు. ఇతని తండ్రి న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో పియానోలు, ఆర్గాన్‌లు తయారుచేసే కర్మాగారాన్ని నడిపేవాడు. లింక్ అక్కడే పనిచేస్తూ వాద్యాల నిర్మాణంలోను, మరమ్మతులోను నైపుణ్యం గడించాడు. 1920లో తొలి విమాన పాఠానికి 50 డాలర్లు చెల్లించాడు. అంత సొమ్ము తీసుకొన్న శిక్షకుడు ఇతనిని నియంత్రణ కడ్డీని తాకనైనా తాకనివ్వలేదు.

లింక్ ట్రైనర్

1920వ దశకం చివరలో లింక్ కర్మాగారపు నేలమాళిగలో ఈ యంత్రాన్ని నిర్మించాడు. ఆర్గాన్‌లో స్వరం పలికించేది తిత్తులలోని గాలి. మన హార్మోనియం సూత్రం కూడా ఇదే. అవే తిత్తులను లింక్ ఒక చిన్న చెక్క విమానం క్రింద అమర్చాడు. కూర్చున్నవాడు కడ్డీని కదిపితే తిత్తులలో గాలి పెరిగి తరిగి, ఆ డొల్ల విమానం ముందుకు వంగేది, ప్రక్కకు ఒరిగేది, గుండ్రంగా తిరిగేది.

1931లో పేటెంటు లభించింది. అందులో ఇది శిక్షణకే కాక వినోదానికి కూడా పనికివచ్చే సాధనమని పేర్కొన్నారు. ఆశ్చర్యమేమంటే మొదట దీనిని ఎక్కువగా కొన్నవి విమాన పాఠశాలలు కాదు, వినోద ఉద్యానవనాలు.

సైన్యం ఆదరణ

1934 ఫిబ్రవరిలో అమెరికా సైనిక వైమానిక దళానికి తపాలా రవాణా బాధ్యత అప్పగించారు. మంచులో, చీకటిలో, కేవలం పరికరాలను చూచి విమానం నడపడంలో ఆ పైలట్లకు తగిన శిక్షణ లేదు. మబ్బులో చిక్కినప్పుడు లోపలి చెవి మనిషిని మోసగిస్తుంది. విమానం ఒరుగుతున్నా సమంగా ఉన్నట్లే తోస్తుంది. కొద్ది నెలలలోనే దాదాపు డజనుమంది మరణించారు. ఆ సమయంలో సైనికాధికారులను కలవడానికి లింక్ ప్రతికూల వాతావరణంలోనే, పరికరాల ఆధారంగా విమానం నడుపుకొంటూ న్యూఅర్క్‌లో దిగాడు. వేరే ప్రదర్శన అవసరం లేకపోయింది. సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొన్నది.

తరువాతి నమూనాలలో విద్యార్థిని మూతవేసిన పెట్టెలో కూర్చోబెట్టేవారు. బయట శిక్షకుని బల్లమీద "పీత" అని పిలిచే మూడు చక్రాల పరికరం, విద్యార్థి నడిపిన మార్గాన్ని పటంమీద సిరాతో గీసేది. తప్పు ఎక్కడ జరిగిందో వాదనకు తావుండేది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇటువంటి యంత్రాలు సుమారు 10,000 తయారయ్యాయి. అయిదు లక్షలమందికి పైగా వైమానికులు వీటిపై శిక్షణ పొందారు. యుద్ధానికి ముందు కొన్నవారిలో జపాన్ నౌకాదళం కూడా ఉండడం గమనార్హం.

సముద్ర పరిశోధన

1954లో లింక్ సంస్థ జనరల్ ప్రెసిషన్‌లో విలీనమైంది. అపోలో వ్యోమగాముల శిక్షణకు సిమ్యులేటర్లను నిర్మించినది ఆ సంస్థలోని లింక్ విభాగమే. లింక్ మాత్రం సముద్రం వైపు మళ్ళాడు. 1962లో ఇతను రూపొందించిన గొట్టంలో రాబర్ట్ స్టెనుయీ 200 అడుగుల లోతున ఒక రోజుకు పైగా గడిపాడు. 1973 జూన్‌లో ఇతని రూపకల్పనయైన "జాన్సన్ సీ లింక్" జలాంతర నౌక, ఫ్లోరిడా తీరాన మునిగిన ఓడ శిథిలాలలో చిక్కుకొన్నది. లోపలి నలుగురిలో ఇద్దరు మరణించారు. వారిలో ఒకడు లింక్ కుమారుడు క్లేటన్. తదనంతరం లింక్, అట్లా చిక్కుకొన్న నౌకలను విడిపించగల మానవరహిత రక్షణ పరికరం నిర్మాణానికి పూనుకొన్నాడు.