కాలేజీలో రాణించినా డ్రాఫ్ట్‌కు నోచుకోని ఫుట్‌బాల్ ఆటగాళ్లు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ దశ దాటిన ఆటగాళ్లను ప్రొఫెషనల్ జట్లు ఏటా వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం పేరు డ్రాఫ్ట్. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, 1936లో మొదలైన ఈ పద్ధతికీ ఐపీఎల్ వేలానికీ పోలిక లేదు. ఇక్కడ పాట పాడటం ఉండదు. కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, ఛాంపియన్ జట్టుకు చివరి వంతు వస్తాయి. 32 జట్లు, ఏడు రౌండ్లు, కొన్ని జట్లకు పరిహారంగా దక్కే అదనపు వంతులు, అన్నీ కలిపి ఏటా సుమారు 260 మంది ఎంపికవుతారు. అర్హత ఉన్న కాలేజీ ఆటగాళ్లు మాత్రం ఏటా దాదాపు 16 వేల మంది ఉంటారు. అంటే నూటికి ఇద్దరికి కూడా చోటు దక్కదు. మిగిలినవారిని అన్‌డ్రాఫ్టెడ్ ఆటగాళ్లంటారు. వారిలో అత్యధికులు పేరు వినిపించని సాధారణ ఆటగాళ్లే. అయితే రికార్డులు బద్దలు కొట్టినవారూ, దేశంలో ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నవారూ కొందరు వారిలో ఉంటారు. ఈ వ్యాసం ఆ కొందరి గురించి.

2012 డ్రాఫ్ట్‌లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపించింది. బోయిసీ స్టేట్ యూనివర్సిటీలో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే పాసులు వేస్తూ దాడిని నడిపే ఆటగాడిగా, ఉన్న కెలెన్ మూర్ నాలుగు సీజన్లలో జట్టును 50 మ్యాచ్‌ల్లో గెలిపించి మూడింట మాత్రమే ఓడాడు. ఆ మూడు ఓటముల్లో తేడా అంతా కలిపితే అయిదు పాయింట్లు. కాలేజీ ఫుట్‌బాల్ పై స్థాయిలో అంతకుముందు ఏ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనూ అన్ని విజయాలు లేవు. హ్యూస్టన్ యూనివర్సిటీకి ఆడిన కేస్ కీనమ్ అప్పటికి పాసులతో 19,217 గజాలు, 155 టచ్‌డౌన్లు సాధించాడు. గజాల లెక్కలో ఆ రికార్డు ఇంకా అతడిదే. ఆ డ్రాఫ్ట్‌లో మూడు రోజుల పాటు 253 పేర్లు చదివారు, ఈ రెండు పేర్లూ వినిపించలేదు. జట్ల తరఫున ఆటగాళ్లను అంచనా వేసే స్కౌట్లు గుడ్డివాళ్లని తేల్చేయడం తేలిక. అసలు కారణం డ్రాఫ్ట్ స్వభావంలో ఉంది. కాలేజీలో చేసిన పనికి జట్లు ఇక్కడ వెల కట్టవు. వేరే నిబంధనలతో, వేరే ప్రత్యర్థుల మీద ఆ ఆటగాడు రేపు ఏం చేయగలడన్న అంచనాకే వెల కడతాయి. పైగా చివరి రౌండ్లకు వచ్చేసరికి ఆ అంచనా వేసే తీరు బాగా ఆడినవాడికే ప్రతికూలంగా తిరుగుతుంది.

ముందు నిబంధనల సంగతి. రెండు స్థాయిల్లోనూ మైదానం వెడల్పు 160 అడుగులే. ప్రతి ప్లేకు ముందు బంతిని పెట్టే చోటును నిర్ణయించే హ్యాష్ మార్కుల మధ్య దూరం మాత్రం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులు. కాలేజీలో బంతి ఒక హ్యాష్ మార్కు దగ్గర ఉంటే ఒకవైపు 60 అడుగులు, రెండోవైపు 100 అడుగుల ఖాళీ మిగులుతుంది. ఆ 100 అడుగుల జాగాలో పాసులు పట్టే రిసీవర్లను విడివిడిగా నిలబెట్టి, కాపలా పలచబడ్డ చోటికి బంతి పంపడమే ఎన్నో కాలేజీ జట్ల వ్యూహం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అటూ ఇటూ 70 అడుగులకు కాస్త ఎక్కువ ఉంటుంది, అంత ఖాళీ దొరకదు. కాలేజీలో పాస్ పట్టేటప్పుడు ఒక్క పాదం గీత లోపల ఉంటే చాలు, ప్రొఫెషనల్ ఆటలో రెండు పాదాలూ లోపలే ఉండాలి. పాస్ వేసేలోపు లైన్‌మన్లు కాలేజీలో మూడు గజాలు ముందుకు వెళ్లవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. పరుగా పాసా అని ప్రత్యర్థిని తికమకపెట్టే ప్లేలు కాలేజీలో అంతగా పండటానికి ఇదొక కారణం. వీటికి తోడు 2023 వరకు కాలేజీలో ఫస్ట్ డౌన్ వచ్చిన ప్రతిసారీ గడియారాన్ని కాసేపు ఆపేవారు. దాంతో ఒక్కో మ్యాచ్‌లో ఎక్కువ ప్లేలు పట్టేవి, గజాల లెక్క కూడా పెరిగేది.

రెండో కారణం ఆడించే పద్ధతి. టెక్సస్ టెక్ యూనివర్సిటీలో కోచ్ మైక్ లీచ్ ఎయిర్ రెయిడ్ అనే పాసుల పద్ధతిని అమలు చేసిన కాలాన్ని ఇందుకు సాక్ష్యంగా చూడవచ్చు. 2003లో బి.జె. సైమన్స్, 2004లో సోనీ కంబీ, 2005లో కోడీ హాడ్జెస్, ఇలా మూడేళ్లలో ముగ్గురు కొత్త క్వార్టర్‌బ్యాక్‌లు వచ్చారు. ముగ్గురూ ఒక్కో సీజన్‌లో 4 వేల గజాలు దాటారు. సైమన్స్ అయితే 5,833 గజాలు సాధించాడు. మనిషి మారినా అంకె మారకపోతే ఆ అంకెలో పద్ధతి వాటా ఎంత, మనిషి వాటా ఎంత అన్న అనుమానం రావడం సహజం. సైమన్స్‌ను ఏడో రౌండ్‌లో తీసుకున్నారు, మిగతా ఇద్దరినీ ఎవరూ తీసుకోలేదు. వారి తర్వాత వచ్చిన గ్రాహమ్ హారెల్ 134 టచ్‌డౌన్ పాసులు వేసి 2009లో డ్రాఫ్ట్ కాకుండా మిగిలాడు. 2008 నవంబరు 1న దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న టెక్సస్ జట్టుపై అతడు ఆఖరి క్షణాల్లో కుడివైపు అంచుకు వేసిన పాస్‌ను మైకేల్ క్రాబ్‌ట్రీ పట్టాడు. మీదకు వచ్చిన రక్షకుడిని విదిలించుకుని, ఒక్క సెకను మిగిలి ఉండగా టచ్‌డౌన్ చేశాడు. ఆ పాస్ అందుకున్న క్రాబ్‌ట్రీని 2009లో పదో వంతులో ఎంచుకున్నారు. పాస్ వేసిన హారెల్‌ను ఎవరూ తీసుకోలేదు. ఎయిర్ రెయిడ్ అంకెలన్నిటినీ జట్లు గంపగుత్తగా కొట్టేయలేదని దీన్ని బట్టి తెలుస్తుంది. పద్ధతిని పక్కనపెట్టి చూస్తే ఆ మనిషిలో ఏం మిగులుతుందో చూశాయి. క్రాబ్‌ట్రీలో బలం, పట్టు కనిపించాయి. హారెల్ భుజబలం మీద నమ్మకం కుదరలేదు.

ఇక్కడే చివరి రౌండ్ల తర్కం అర్థం చేసుకోవాలి. సీజన్‌లో ఒక జట్టు ప్రధాన జాబితాలో 53 మందికే చోటు ఉంటుంది. ఏడో రౌండ్‌లో వచ్చే కుర్రాడు ఆ జాబితాలో నిలవాలంటే మొదట కిక్ ప్లేల్లో పరుగెత్తి ఢీకొట్టే పనికి పనికిరావాలి. అది కాదంటే, రెండు మూడేళ్లు నేర్పిస్తే అసాధారణ ఆటగాడయ్యే శరీరం ఉండాలి. నాలుగేళ్లు వరసగా ఆడిన క్వార్టర్‌బ్యాక్ గురించి స్కౌట్ల దగ్గర వేల ప్లేల వీడియో ఉంటుంది. అతడి బలాలెంత తెలుసో లోపాలూ అంతే తెలుసు. ఆరడుగుల ఎత్తు, ఓ మోస్తరు భుజబలం అని మూర్‌కు ఒకసారి కొలత తీసేశాక, ఇంతకు మించి ఎదగడన్న భావన స్థిరపడుతుంది. దీనికి పూర్తి వ్యతిరేక ఉదాహరణ జోర్డన్ మైలాటా. 2018లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఏడో రౌండ్‌లో ఎంచుకునే నాటికి ఈ ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాడు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. ఆరడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, 150 కిలోలు దాటిన బరువు, అంత దేహానికి నమ్మలేనంత చురుకుదనం, అతడిలో అప్పటికి ఉన్నవివే. ఈగిల్స్ నమ్మకం వమ్ము కాలేదు, క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లెఫ్ట్ టాకిల్ స్థానంలో అతడు లీగ్‌లోని మేటి ఆటగాళ్లలో ఒకడయ్యాడు. యాభై విజయాల క్వార్టర్‌బ్యాక్‌ను వదిలేసే తర్కమూ, ఒక్క మ్యాచ్ ఆడనివాడిని తీసుకునే తర్కమూ ఒక్కటే. ఆఖరి వంతుల్లో జట్లు రుజువు కోసం చూడవు, తెలియని దానిలో ఉన్న ఆశ కోసం చూస్తాయి.

ఇది అన్యాయంగా తోచవచ్చు. అయితే జట్ల వైపు నుంచి దీనికి లెక్క ఉంది. మూర్ లాంటి ఆటగాడిని ఇతర జట్లూ తీసుకోవని అనుమానం ఉన్నప్పుడు అతడి మీద వంతు ఖర్చు చేయనక్కర్లేదు. డ్రాఫ్ట్ ముగిసిన గంటలోపే ఫోన్ చేసి, చిన్న బోనస్‌తో ఒప్పందం కుదుర్చుకోవచ్చు. మూర్‌ను డెట్రాయిట్ లయన్స్ అలాగే తీసుకుంది. కాబట్టి డ్రాఫ్ట్ కాకపోవడం ప్రతిసారీ తిరస్కారం కాదు, చాలాసార్లు ధర తగ్గేదాకా వేచి చూడటమే.

ఆరోగ్యం సంగతి వేరు. అందులో జట్లను తప్పుపట్టడం కష్టం. డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను పరీక్షించే, 1987 నుంచి ఇండియానాపొలిస్‌లో జరుగుతున్న కంబైన్ అనగానే టీవీ ప్రేక్షకులకు 40 గజాల పరుగు గుర్తొస్తుంది. జట్లకు మాత్రం అక్కడ జరిగే వైద్య పరీక్షలే ముఖ్యం. ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ జేసన్ వైట్ రెండు మోకాళ్లకూ వరస ఏళ్లలో పెద్ద గాయాలయ్యాయి. ఆ తర్వాత కూడా 2003లో హైస్మన్ గెలిచాడు. 2005లో అతడిని ఏ జట్టూ ఎంచుకోలేదు. టెనెసీ టైటన్స్ అవకాశమిచ్చినా మోకాళ్లు సహకరించక తానే తప్పుకున్నాడు. నెబ్రాస్కాకు 1994, 1995లలో వరసగా జాతీయ టైటిళ్లు తెచ్చిన టామీ ఫ్రేజియర్‌కు రక్తం గడ్డకట్టే సమస్య ఉండేది. పైగా అతడు ఆడింది పరుగు మీద ఆధారపడ్డ ఆప్షన్ పద్ధతి, దానికి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చోటే లేదు. 1993 హైస్మన్ విజేత చార్లీ వార్డ్ కథలో గాయం లేదు. మొదటి రౌండ్‌లో తీసుకోకపోతే బాస్కెట్‌బాల్ ఆడతానని ముందే చెప్పాడు, అన్నట్టే న్యూయార్క్ నిక్స్‌కు వెళ్లిపోయాడు.

అసలు డ్రాఫ్ట్ అయినవాడికీ కానివాడికీ మధ్య గీత ఎక్కడ పడుతుందన్నది కూడా పాలనాపరమైన నిర్ణయమే. 1992లో 28 జట్లు 12 రౌండ్లలో 336 మందిని ఎంచుకున్నాయి. 1994 నుంచి రౌండ్లు ఏడే. పాత పద్ధతి ఉండి ఉంటే ఆ ఏడాది మరో నూరు మందికి పైగా డ్రాఫ్టయినవారి జాబితాలో చేరేవారు. ఆ నూరు మంది ప్రతిభలో ఏ మార్పూ లేదు, వారికి తగిలించే పేరే మారింది.

కర్ట్ వార్నర్ సంగతేమిటని అడిగేవారుంటారు. 1994లో డ్రాఫ్ట్ కాలేదు, గ్రీన్ బే అతడిని వదిలేసింది, కొంతకాలం కిరాణా దుకాణంలో రాత్రిపూట సరుకు సర్దాడు. 1999 సీజన్‌లో లీగ్ అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచి, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. డ్రాఫ్ట్ కాని మరో ఆటగాడు ఆంటోనియో గేట్స్ 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు. ఇలాంటి పేర్లు చూపించి పద్ధతే బూటకమనడం సబబు కాదు. గేట్స్ కాలేజీలో ఆడింది బాస్కెట్‌బాల్. వార్నర్ నార్తర్న్ అయోవాలో ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా ఆడింది చివరి ఒక్క ఏడాదే. వారిద్దరూ తగినంత ఆట కనబడక మిగిలిపోయినవారు. మూర్, హారెల్ కావలసినంత ఆట కనబడీ మిగిలిపోయారు. ఈ రెండు రకాలనూ ఒకే జాబితాలో కలపడం వల్లే చర్చ దారి తప్పుతోంది. డ్రాఫ్ట్ క్రమం గట్టి శాస్త్రమేమీ కాదన్న మాట మాత్రం నిజం. పరిశోధకులు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ లెక్క ప్రకారం, ఒక స్థానానికి ముందు ఎంచుకున్న ఆటగాడు అదే స్థానంలో అతడి తర్వాత ఎంపికైనవాడి కంటే మెరుగ్గా ఆడే అవకాశం సగానికి కాస్తే ఎక్కువ. పక్కపక్క ఎంపికల మధ్యే తేడా అంత సన్నగా ఉన్నప్పుడు, ఏడో రౌండ్ ఆఖరి పేరుకూ బయట మిగిలిన మొదటి పేరుకూ తేడా చూపడం ఎవరి తరమూ కాదు. ఆ సన్నని తేడా దగ్గర ఎత్తు, వేగం వంటి కొలతలకు లొంగిపోవడాన్నే నేను లోపమంటాను.

వివక్ష మాటేమిటన్నది ఇంకా బరువైన ప్రశ్న. 1978 రోజ్ బౌల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీని గెలిపించి ఆ మ్యాచ్ ఉత్తమ ఆటగాడైన వారెన్ మూన్ నల్లజాతీయుడు. ఆ ఏడాది 12 రౌండ్లలో 330 మందికి పైగా ఎంపికైనా అతడి పేరు రాలేదు. క్వార్టర్‌బ్యాక్ స్థానం వదులుకోవాలన్న సూచనలకు తలొగ్గక కెనడాకు వెళ్లి, ఎడ్మంటన్ జట్టుతో వరసగా అయిదు సార్లు అక్కడి లీగ్ టైటిల్ గ్రే కప్ గెలిచాడు. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతడే. అదే 1978లో నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్‌ను టాంపా బే మొదటి రౌండ్‌లో తీసుకున్న మాట నిజమే. ఒక్క జట్టు సరిగ్గా చూసినంత మాత్రాన మిగిలిన జట్ల పక్షపాతం మాసిపోదు. అంచనా అన్న మాటలోకి పాత దురభిప్రాయాలు ఎంత తేలిగ్గా చొరబడతాయో మూన్ ఉదంతం చెబుతుంది. నా వాదన దీన్ని కాదనదు, కాదనకూడదు కూడా.

కాలేజీ ఆట పై స్థాయికి పనికొస్తుందా అన్న దానికి జవాబు ఆటగాడొక్కడిలోనే ఉండదు, అతడిని అందుకునే లీగ్‌లోనూ ఉంటుంది. వెస్ వెల్కర్ టెక్సస్ టెక్ రిసీవర్, ఎత్తు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. 2004లో డ్రాఫ్ట్ కాలేదు. శాన్ డియెగో ఒక్క మ్యాచ్ తర్వాత వదిలేస్తే మయామీ తీసుకుంది. 2007లో అదే ఆటగాడి కోసం న్యూ ఇంగ్లండ్ ఒక రెండో రౌండ్ వంతు, ఒక ఏడో రౌండ్ వంతు ఇచ్చుకుంది. ఆ సీజన్‌లో అతడు 112 పాసులు పట్టాడు. అక్కడ ఆడిన ఆరు సీజన్లలో అయిదింట నూరు దాటాడు. మూడేళ్లలో వెల్కర్ పొడుగేమీ పెరగలేదు. కాలేజీ తరహాలో రిసీవర్లను విడదీసి నిలబెట్టే ఆటవైపు ఎన్‌ఎఫ్‌ఎల్ జరిగింది. ఆ తర్వాత టెక్సస్ టెక్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌ను 2017లో పదో వంతులో తీసుకున్నారు. అయిదడుగుల పది అంగుళాల కైలర్ మరే 2019లో అందరికంటే ముందు ఎంపికయ్యాడు.

2012 నాటి ఇద్దరి విషయానికొస్తే, ఆటగాడిగా మూర్ గురించి జట్లు వేసిన అంచనా చాలావరకు నిలిచింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతడు బరిలోకి దిగింది మూడే మ్యాచ్‌లు. అతడి ఆటజ్ఞానం కోచింగ్‌లో పండింది. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో మైలాటా ఆడిన ఈగిల్స్‌కు దాడి వ్యూహకర్త మూరే, ఆపై న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ హెడ్ కోచ్ అయ్యాడు. కీనమ్ జట్లు మారుతూ అయిదేళ్లు ఎదురుచూసి, 2017 సీజన్‌లో మిన్నెసోటాను ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన ఎన్‌ఎఫ్‌సి టైటిల్ పోరు దాకా నడిపించాడు.

డ్రాఫ్ట్ కానివారికి ఒక సౌలభ్యం ఉంది. తమకు నప్పే జట్టును తామే ఎంచుకోవచ్చు. డ్రాఫ్టయినవారి ఒప్పందం నాలుగేళ్లు, వీరిది మూడేళ్లు. అందుకే ఏడో రౌండ్ చివర ఎంపిక కావడం కంటే కాకపోవడమే మేలని భావించే ఏజెంట్లు ఉన్నారు. 90 మందితో మొదలయ్యే శిక్షణ శిబిరాన్ని దాటలేకపోయినా ప్రాక్టీస్ స్క్వాడ్‌లో మరో 16 చోట్లుంటాయి. ఇప్పుడు కాలేజీ వైపునా పరిస్థితి మారుతోంది. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు ప్రఖ్యాతుల మీద సంపాదించుకోవచ్చు. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లిస్తున్నాయి. ఎంపిక అనుమానమైన ఆటగాడికి డ్రాఫ్ట్‌లోకి దూకడం కంటే మరో ఏడాది కాలేజీలో ఆడటమే లాభం. అలా ఆగినవాడికి చేతికి డబ్బు వస్తుంది, గజాల లెక్కా పెరుగుతుంది. మరుసటి ఏప్రిల్ నాటికి అతడి వయసు 24కు చేరుతుంది, స్కౌట్ల దగ్గర మరో డజను మ్యాచ్‌ల వీడియో పోగవుతుంది.