కత్తి పట్టిన కథ: రాబర్టా విలియమ్స్ చివరి 'కింగ్స్ క్వెస్ట్'

కంప్యూటర్ ఆటల గురించి స్త్రీల పత్రికలో వ్యాసం ఏమిటని కొందరికి అన్పించొచ్చు. ఇరవయ్యో శతాబ్దం చివరి పాతికేళ్ళలో కథ చెప్పడానికి ఒక కొత్త ప్రక్రియ పుట్టింది. దానికి రూపం ఇచ్చిన తొలి చేతుల్లో ఒక స్త్రీ చెయ్యి ఉంది. ఆ స్త్రీ పద్నాలుగేళ్ళపాటు పెంచుకుంటూ వచ్చిన కథామాలలో చివరిది, ఆమె అభిమానుల్నే రెండుగా చీల్చింది. రచన ఎవరిది, దాని మీద హక్కు ఎవరిది, దాని వైఫల్యం ఎవరి ఖాతాలో రాయాలి అని ఎన్నో ఏళ్ళుగా వాదించుకుంటున్నవాళ్ళం మనం. ఈ కథ మనకి తెలిసే ఉండాలి.

1980లో 'మిస్టరీ హౌస్' అనే ఆట వచ్చింది. అప్పటిదాకా సాహస క్రీడలన్నీ అక్షరాలే. తెర మీద ఒక వర్ణన కనిపిస్తుంది, ఆడేవాళ్ళు ఏం చెయ్యాలో ఒకటి రెండు మాటల్లో టైప్ చేస్తారు, కథ ముందుకు కదులుతుంది. ఆ అక్షరాలకి బొమ్మలు జోడించాలన్న ఆలోచన రాబర్టా విలియమ్స్‌ది. అప్పటికామెకి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు, ఇద్దరు పిల్లల తల్లి. వంటింటి బల్ల దగ్గర కూర్చుని కథా, చిక్కుముళ్ళూ, బొమ్మలూ తయారుచేసింది. ప్రోగ్రామ్ భర్త కెన్ రాశాడు. ఆ ఇంటి వ్యాపారమే తర్వాత సియెరా ఆన్-లైన్ అయింది. కాలిఫోర్నియాలో ఓక్‌హర్స్ట్ అనే చిన్న ఊరు దాని చిరునామా అయింది.

1984లో ఐబిఎం కంపెనీ తన పిసి జూనియర్ కోసం అడిగితే రాబర్టా 'కింగ్స్ క్వెస్ట్' రూపొందించింది. డావెంట్రీ అనే రాజ్యం, గ్రాహం అనే వీరుడు, పోయిన మూడు మాయవస్తువులు. కథ మనకి కొత్తదేం కాదు. చందమామ చదువుతూ పెరిగిన ఎవరికైనా ఆ దారులన్నీ పరిచయమే. కానీ ఆ ఆటలో మార్కులు వేసే పద్ధతి చూడండి. డ్రాగన్‌ని బాకుతో చంపొచ్చు. లేదా బకెట్ నీళ్ళు దాని నోట్లో కుమ్మరించి మంట ఆర్పెయ్యొచ్చు. రాక్షసుణ్ణి వడిసెలతో కొట్టొచ్చు. లేదా వాడు నిద్రపోయేదాకా ఓపిక పట్టొచ్చు. చంపకుండా గెలిచినవాళ్ళకే ఎక్కువ మార్కులు. కాల్చడం, పేల్చడం మీదే నడుస్తున్న పరిశ్రమలో ఒక స్త్రీ పెట్టిన లెక్క ఇది. ఉపన్యాసం ఏమీ లేదు. అంకెల్లోనే ఆమె దృక్పథం ఉంది.

1988లో నాలుగో భాగం, 'ది పెరిల్స్ ఆఫ్ రోసెల్లా' వచ్చింది. తండ్రి మంచం పట్టాడు. అతన్ని బతికించే పండు కోసం కూతురు రోసెల్లా బయల్దేరుతుంది. రాజకుమారిని గోపురంలో బంధించడం, రాజకుమారుడు విడిపించడం ఈ కథల ఆనవాయితీ. ఈ మాలలోనే రెండో భాగం కథ అదే. మన బాలనాగమ్మ కూడా మాయల ఫకీరు చెరలో ఉండి, కొడుకు పెరిగి వచ్చేదాకా ఎదురు చూడాల్సిందే. రోసెల్లా ఎవరి కోసమూ ఎదురు చూడదు. ఒక్క పగలూ ఒక్క రాత్రీ ఉన్న గడువులో ఒంటరిగా తిరుగుతుంది. అప్పట్లో ఈ ఆటలు కొనేది మగవాళ్ళేనని పరిశ్రమ నమ్మకం. ఆ మగవాళ్ళంతా గంటల తరబడి ఒక ఆడపిల్ల అడుగులు వెయ్యాల్సొచ్చింది.

ఆ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది శ్మశానం ఘట్టం. చీకటి పడ్డాక దెయ్యాలు లేస్తాయి. ఒక పసిబిడ్డ ఏడుపు విన్పిస్తుంది. రోసెల్లా సమాధి రాళ్ళ మీది మాటలు చదువుతుంది. ఎవరు ఏం పోగొట్టుకుని పోయారో ఊహిస్తుంది. పార తీసుకుని సరైన సమాధి తవ్వి, బిడ్డకి గిలక్కాయ, పిసినారికి డబ్బుసంచి, ఒంటరి స్త్రీకి లాకెట్ తిరిగి ఇస్తుంది. ఒక్కో దెయ్యమే శాంతిస్తుంది. అర్ధరాత్రి శ్మశానంలో పార పట్టుకున్న ఆడపిల్ల! భయం అక్కడ కత్తితో పోదు. ఎదుటివాళ్ళ దుఃఖం ఏమిటో చదవగలిగితేనే పోతుంది. అలాగని రోసెల్లా అహింసామూర్తి కూడా కాదు. మన్మథబాణంతో యూనికార్న్‌ని మచ్చిక చేసుకుంటుంది, అదే విల్లుతో లోలోట్ అనే దుష్టురాల్ని చంపుతుంది. చివర్లో తనకి సాయం చేసిన ఎడ్గార్ పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే సున్నితంగా వద్దంటుంది. తండ్రి దగ్గరికి వెళ్ళిపోతుంది.

1994లో వచ్చిన ఏడో భాగంలో తల్లి వలానిస్, కూతురు రోసెల్లా ఇద్దరూ నాయికలే. పెళ్ళి చేసుకోమని తల్లి పోరుతుంటే కూతురు చెరువులో దూకి వేరే లోకంలో తేలుతుంది. తల్లి వెంట దూకుతుంది. ఆటంతా ఒకరి అధ్యాయం తర్వాత ఒకరిది. తల్లి కూతుర్ని వెతుక్కుంటూ తిరిగే కథని ఒక పెద్ద వాణిజ్య సంస్థ ఖరీదైన యానిమేషన్‌తో తీసింది. చివరికి రోసెల్లాని ఎడ్గార్ దగ్గరికి చేర్చిన సంగతి మీద నాకు అభ్యంతరం ఉంది. అయినా ఆ రోజుల్లో తల్లీకూతుళ్ళ మీద ఇలా నిలబడ్డ పెద్ద ఆటలు అరుదు.

ఇక 1998 చివర్లో వచ్చిన 'మాస్క్ ఆఫ్ ఎటర్నిటీ'. ఎనిమిదోది. ఒక ముసుగు ముక్కలై లోకం మీద పడుతుంది. డావెంట్రీ ప్రజలు రాళ్ళైపోతారు. కానర్ అనే యువకుడు మాత్రం మనిషిగా మిగిలి, ముక్కల్ని ఏరి కూర్చడానికి బయల్దేరతాడు. ఆట మొత్తం త్రీడీలో ఉంది. కత్తి, గొడ్డలి, బాణం, కవచం, ప్రాణశక్తి చూపే గీత, చంపినకొద్దీ పెరిగే బలం. ఈ ఆటలోనూ మృతుల లోకం ఒకటి ఉంది. రోసెల్లా సమాధి రాళ్ళు చదివిన మాలలోనే కానర్ అస్థిపంజరాల్ని నరుక్కుంటూ పోతాడు. పదేళ్ళలో జరిగిన మార్పుని అర్థం చేసుకోడానికి ఈ రెండు శ్మశానాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

పాత అభిమానులు ఇది కింగ్స్ క్వెస్ట్ కానే కాదన్నారు. కొత్తవాళ్ళలో కొందరికి నచ్చింది. దాని మంచు ప్రాంతాలు, చిత్తడి నేలలు, భూగర్భ లోకాలు తిరిగి చూడ్డంలో ఒక ఆనందం ఉందన్నారు. డిజిటల్ రూపంలో మళ్ళీ అమ్మకానికి వచ్చాక ఆ ఆట నేను ఆడాను. తిరగడంలో ఆనందం ఉన్న మాట నిజమే. కొన్ని చిక్కుముళ్ళలో పాత రాబర్టా కనిపిస్తుంది. అడిగినవాళ్ళకి సాయం చెయ్యడం, వాళ్ళిచ్చిన వస్తువు మరెక్కడో ఉపయోగపడటం ఇంకా ఉన్నాయి. కానీ ఒక సాయానికీ ఇంకో సాయానికీ మధ్య పది హత్యలు.

దీనికి ఒక సులువైన వివరణ చలామణీలో ఉంది. రాబర్టా మంచి కథ రాసుకుంటే కంపెనీ మగవాళ్ళు దాని చేతికి కత్తి ఇచ్చారని. దానికి ఆధారం లేకపోలేదు. 1996లో సియెరాని సి.యు.సి. ఇంటర్నేషనల్ కొనేసింది. 1997 చివరికి కెన్ బైటికొచ్చేశాడు. అదే డిసెంబర్లో సి.యు.సి. ఇంకో సంస్థతో కలిసి సెండెంట్ అయింది. 1998 ఏప్రిల్లో ఏళ్ళ తరబడి దొంగ లెక్కలు రాశారన్న కుంభకోణం బైటపడింది. సి.యు.సి. అధిపతి వాల్టర్ ఫోర్బ్స్‌కి 2007లో జైలు శిక్ష పడింది. ఇదంతా నడుస్తుండగా తయారైన ఆట ఇది. దాని మీద తన అదుపు కోసం పెద్ద పోరాటమే చెయ్యాల్సొచ్చిందని రాబర్టా తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది.

అయినా ఈ వివరణతో నాకు తృప్తి లేదు. త్రీడీకి మారాలని రాబర్టా కూడా కోరుకుంది. ప్రతి కొత్త సాంకేతికతనీ అందరికన్నా ముందు పట్టుకోవడం ఆమెకి మొదట్నించీ ఉన్న దాహం. హింస ఆమెకి తెలీనిదీ కాదు. 1995లో ఏడు సిడిల మీద వచ్చిన 'ఫాంటస్మగోరియా' ఆమెదే. అందులో నాయిక ఒక నవలా రచయిత్రి. దుష్టశక్తి ఆవహించిన భర్త ఆమె మీద అత్యాచారం చేసే దృశ్యం ఉంది. దాని మీద పెద్ద రగడ జరిగింది. ఇంటి నాలుగు గోడల మధ్య భార్య మీద జరిగే హింసని ఆ ఆట చూపించిందా, సరుకు చేసిందా అన్నది ఇప్పటికీ వాదించాల్సిన ప్రశ్నే. ఆ దృశ్యం రాయించింది ఎవరో మగవాడని ఎవరూ అనరు. మరి మనకి నచ్చినవన్నీ రాబర్టావి, నచ్చనివన్నీ కంపెనీవి అంటే ఎలా? రచయిత్రిని ఎప్పుడూ అన్యాయం జరిగినదానిగానే చూస్తే ఆమె కర్తృత్వాన్ని మనమే సగం లాగేసుకున్నట్టు.

అసలు ప్రశ్న ఇంకోచోట ఉందనుకుంటాను. సియెరాలో స్త్రీలు చాలా పని చేశారు. 1992లో వచ్చిన ఆరో భాగానికి జేన్ జెన్సెన్, ఏడో భాగానికి లోరెలై షానన్ రాబర్టాతో కలిసి రూపకల్పన చేశారు. లోరీ కోల్, క్రిస్టీ మార్క్స్ అక్కడే తమ ఆటలు తయారుచేశారు. ఆ పరిశ్రమలో మరెక్కడా ఇంతమంది స్త్రీ రూపకర్తల పేర్లు ఒకచోట కనపడటం కష్టం. కానీ ఆ చోటు నిలబడింది దేని మీద? ఒక దంపతుల సొంత వ్యాపారం మీద. రాబర్టా ప్రతిభ ఎంత గొప్పదైనా, ఆమె మాట చెల్లుబాటు కావడం వెనక అధ్యక్షుడి కుర్చీలో భర్త ఉన్నాడు. ఆ కుర్చీ ఖాళీ కాగానే, దాదాపు ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్న రూపకర్త తన కథ కోసం తనే పోట్లాడాల్సొచ్చింది. ప్రతిభకి దక్కిన అధికారం వేరు, సంబంధం వల్ల దక్కిన అధికారం వేరు. రెండూ కలిసి ఉన్నంతకాలం తేడా తెలీదు. అచ్చు యంత్రం, పత్రిక, ప్రచురణ సంస్థ భర్త పేరునో తండ్రి పేరునో ఉన్న రచయిత్రుల చరిత్ర తెలిసిన మనకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

మార్కెట్ కత్తి అడిగింది కాబట్టి నాయకుడు మగవాడయ్యాడా అంటే, అదీ నిలవదు. 1996లోనే 'టూంబ్ రైడర్'లో లారా క్రాఫ్ట్ తుపాకులతో వచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోయింది. ఆమె శరీరాన్ని తయారుచేసిన చూపు ఎవరిదన్న విమర్శ మనకి ఉండనే ఉంది. కానీ త్రీడీ సాహసానికి స్త్రీ పనికిరాదన్న సాకు మాత్రం అప్పటికే పోయింది. 1988లోనే రోసెల్లాని తెచ్చిన కథామాల 1998లో కానర్‌ని ఎంచుకుంది. వలానిస్ లేదు, రోసెల్లా లేదు. ఆట యుద్ధంగా మారగానే స్త్రీలు పక్కకి తప్పుకోవడం ఎవరికీ వింతగా తోచనేలేదు. కత్తి కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే.

1999 ఫిబ్రవరి 22న ఓక్‌హర్స్ట్ స్టూడియో మూసేశారు. రాబర్టా పరిశ్రమ వదిలేసింది. 2015లో వేరే బృందం ఈ మాలని మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, ముసలి గ్రాహం మనవరాలు గ్వెండోలిన్‌కి తన కథలు చెప్తాడు. 2023లో రాబర్టా 'కొలోసల్ కేవ్' త్రీడీ రూపం విడుదల చేసింది. ఆమెని ఈ దారిలోకి లాగిన డెబ్భైల నాటి అక్షరాల ఆట అది. డెబ్భయ్యో ఏట ఒక స్త్రీ తను మొదట మోహపడ్డ గుహలోకి మళ్ళీ వెళ్ళింది. త్రీడీ మీద ఆమె ఇష్టం కంపెనీ నేర్పింది కాదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

'మాస్క్ ఆఫ్ ఎటర్నిటీ'ని గొప్ప ఆట అని నేను అనను. అవమానంగా దాచేసుకోవాల్సిందీ కాదు. తల్లి అన్న బిరుదు ఇచ్చి రాబర్టాని పటం కట్టేసేవాళ్ళు ఈ ఆటని వదిలేస్తారు, తిట్టేవాళ్ళు దీన్నొక్కదాన్నే పట్టుకుంటారు. ఆమె ఆశ, ఆమె ఓటమి, ఆమె రాజీ, ఆమె మీద జరిగిన దౌర్జన్యం అన్నీ దీన్లో ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. రోసెల్లా సమాధి రాళ్ళు చదివినట్టు, ఎవరిది ఏది పోయిందో ఓపిగ్గా చదివి, ఎవరిది వాళ్ళకి తిరిగి ఇవ్వాలి. రాబర్టాకి ఆమె తప్పులతో సహా.