కృష్ణాతీరమున మెట్లు, రేవులు

కృష్ణానది నల్లమలలో లోతైన ఇరుకు లోయగుండా సాగును. పులిగడ్డయొద్ద సమతలమున రెండు పాయలై, అవనిగడ్డ గల దివిసీమను చుట్టి సముద్రమును చేరును. ఈ భేదమే ప్రాచీనమార్గముల చరిత్రను నిర్ణయించినదని మా యభిప్రాయము.

శ్రీశైలయాత్రికునికి కొండయే అడ్డంకి. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి అచ్చట కట్టించిన సోపానములు రాజకీర్తిలో చేరినవి. ఎఱ్ఱన హరివంశమును అంకితమందిన ప్రభువీతడే. దివిసీమవారికి నీరే అడ్డంకి. దానిని దాటించినది పడవ, పడవదారికి రాతిగుర్తుండదు. 2006లో పెనుమూడి-పులిగడ్డ వారధి ఏర్పడగా ఆ రేవుల ప్రాధాన్యము సన్నగిల్లినది.

మెట్లకు శాసనములు సాక్ష్యము పలుకును. రేవులకు పడవవారి జ్ఞాపకమే శాసనము. వారుండగనే దానిని వ్రాసికొనుట పరిశోధకుల విధి.