చాందా గాలిలో బొగ్గు

మహారాష్ట్రలోని చంద్రపూర్ గాలిలోకి బొగ్గు పొడి చేరి దాదాపు నూట యాభై ఏళ్ళయింది. ఈరై, ఝర్పట్ నదుల ఒడ్డున గోండు రాజులు కోట కట్టి ఏలిన ఈ ఊరు బ్రిటిష్ రికార్డుల్లో చాందా. దీని చుట్టూ ఉన్న వార్ధా లోయ బొగ్గు, దక్షిణాన ప్రాణహిత, గోదావరి లోయల్లో సింగరేణి తవ్వే బొగ్గు రెండూ గోండ్వానా నిక్షేపాలే. సరిహద్దులోని రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. అక్కడినుంచి నాందేడ్‌కు, 1959లో చాందాకు మారింది. తెలుగువారికి బల్లార్షా అంటే ఢిల్లీ దారిలోని పెద్ద రైల్వే జంక్షన్. ఆ ఊరి బొగ్గుబాయిల్లో పనికి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అందువల్ల ఈ గాలి కథ వాళ్ళది కూడా.

ఇక్కడ తవ్వకం 1870ల్లో వరోరాలో మొదలైంది. ప్రభుత్వమే నడిపిన ఆ గని 1906లో మూతపడింది. తర్వాత పని బల్లార్పూర్ (బల్లార్షా) వైపు జరిగింది. అప్పటి గనులన్నీ భూగర్భ గనులే కాబట్టి దుమ్ము చాలావరకు బాయి లోపలే ఉండేది, దాన్ని పీల్చేదీ కార్మికుడే. షిఫ్టు దిగి వచ్చినవాడు ఉమ్మితే నల్లటి తెమడ పడేది. అది రెండు రోజుల్లో పోతుంది గానీ ఊపిరితిత్తుల లోతుకు దిగిన పొడి పోదు. దాన్ని మింగిన రక్షణ కణాలు అక్కడే చస్తాయి, చుట్టూ మచ్చ కడుతుంది, మెత్తగా సాగవలసిన కణజాలం గట్టిపడుతుంది. దీనికి వైద్యంలో న్యూమోకోనియోసిస్ అని పేరు. ఇసుకరాయిని డ్రిల్ చేసేవారికి రాతిపొడితో వచ్చే సిలికోసిస్ ఇంకా కఠినమైనది. అది ఉన్నవాడికి క్షయ తేలిగ్గా అంటుకుంటుంది. రెండింటిలోనూ ఆయాసం పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో బయటపడుతుంది. అప్పటికి మనిషి రిటైరై ఉండవచ్చు.

1973లో బొగ్గు గనులు జాతీయమయ్యాయి. 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఓపెన్‌కాస్ట్ తవ్వకం పెరిగింది. దుర్గాపూర్, పద్మాపూర్, సాస్తి, ఘుగ్గుస్‌లలో భూమిని పైనుంచే తెరిచారు. బ్లాస్టింగ్, డంపర్లు, మట్టి గుట్టలు, టార్పాలిన్ సరిగా కప్పని టిప్పర్లతో దుమ్ము గేటు దాటి ఊళ్ళోకి వచ్చింది. చంద్రపూర్ చరిత్రలో అసలు మలుపు ఇదే. అంతవరకు కూలి తీసుకున్నవాడు మాత్రమే పీల్చిన దుమ్మును ఇప్పుడు గనితో సంబంధం లేని బడిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ళు కూడా పీల్చవలసి వచ్చింది.

రెండో మలుపు కరెంటుతో వచ్చింది. దుర్గాపూర్ దగ్గరి సూపర్ థర్మల్ కేంద్రంలో 210 మెగావాట్ల మొదటి యూనిట్ 1983లో మొదలైంది. పాత యూనిట్లు రెండు మూతపడి, 2016లో 500 మెగావాట్లవి మరో రెండు తోడై, సామర్థ్యం 2,920 మెగావాట్లకు చేరింది. యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాముల బొగ్గు అనుకుంటే, పూర్తిస్థాయిలో నడిచిన రోజున 45 వేల టన్నులు కాలాలి. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే కాబట్టి రోజుకు 15 వేల టన్నుల బూడిద మిగులుతుంది. పొగలో లేచే బూడిదకు విద్యుదావేశం ఎక్కించి పలకలకు అంటించే ప్రెసిపిటేటర్లు ఎక్కువ భాగాన్ని పట్టేస్తాయి. వాటికి చిక్కనిది అతి సన్నని పొడి, గంధకపు వాయువు. మనిషికి ఎక్కువ చేటు చేసేవి కూడా అవే. పట్టిన బూడిద చెరువుల్లోకి పోతుంది. ఎండాకాలంలో ఆ చెరువుల అంచులు ఆరి పొడి గాలికి లేస్తుంది. పొద్దున్నే తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి వేలు పెట్టి గీస్తే గీత కనిపిస్తుంది. తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కాను దులపకుండా మడత పెట్టలేరు.

బల్లార్పూర్ కాగితం మిల్లు, ఘుగ్గుస్, గడ్‌చాందూర్, ఆవార్పూర్‌ల సిమెంట్ కర్మాగారాలు, స్పాంజ్ ఐరన్ కొలుములు ఈ పొగకు తోడయ్యాయి. పేదల ఇళ్ళ ముందు రాలుబొగ్గుతో మండే సిగ్డీ (కుంపటి) పొగ కూడా తక్కువదేమీ కాదు. దాన్ని దగ్గరగా కూర్చుని పీల్చేది వంట చేసే ఆడవాళ్ళు.

ఈ పొగంతా ఒంట్లో ఏం చేస్తుందో శాస్త్రం తేల్చి చాలాకాలమైంది. పది మైక్రాన్ల రేణువులు ముక్కులో, గొంతులో, శ్వాసనాళాల్లో ఆగి దగ్గు, ఉబ్బసం తెస్తాయి. తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉండే 2.5 మైక్రాన్ల రేణువులు గాలిగదుల దాకా దిగుతాయి. అన్నిటికన్నా సన్నవి నెత్తుట్లోకి చేరతాయి. అక్కడ వాపు రేగి నాళాలు బిరుసెక్కుతాయి, గడ్డలు కడతాయి. అందుకే గాలి వల్ల వచ్చే చావుల్లో గుండెపోటు, పక్షవాతం పెద్ద భాగం. తల్లి పీల్చిన పొగకు బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన బొగ్గు పొగమంచు వేలమందిని చంపింది. 1993లో వెలువడిన హార్వర్డ్ ఆరు నగరాల అధ్యయనం అమెరికాలో ఎనిమిది వేల పైచిలుకు మందిని పద్నాలుగు ఏళ్ళకు పైగా గమనించింది. ఉక్కు, బొగ్గు మీద బతికిన స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు, శుభ్రమైన గాలి ఉన్న ఊరికన్నా 26 శాతం ఎక్కువని తేల్చింది. 2013లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

చట్టం మాత్రం మెల్లగా నడిచింది. గాలి కాలుష్య నివారణ చట్టం 1981లోనే వచ్చింది, అంటే థర్మల్ కేంద్రం కన్నా ముందే. అయినా 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, ఐఐటీ ఢిల్లీ కలిసి 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే, చంద్రపూర్ 83.88తో దేశంలో నాలుగో స్థానంలో నిలిచింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. 2010 జనవరిలో అలాంటి 43 చోట్ల కొత్త పర్యావరణ అనుమతులను కేంద్రం నిలిపివేసింది, తర్వాత విడతలుగా సడలించింది. థర్మల్ కేంద్రాల గంధకపు వాయువుకు 2015 డిసెంబరులో పరిమితి పెట్టినా, గడువులు మళ్ళీ మళ్ళీ పొడిగించారు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో చంద్రపూర్ ఉంది. ఆ ప్రమాణాలైనా ఉదారమైనవే. 2.5 మైక్రాన్ల సన్న రేణువులకు మన ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 5.

ఇన్నేళ్ళలో ఇక్కడ బొగ్గును టన్నుల్లో, కరెంటును యూనిట్లలో, గాలిని మైక్రోగ్రాముల్లో కొలవడం నేర్చారు. జబ్బును కొలిచే ఏర్పాటు ఒక్క కార్మికుడికే దక్కింది. చట్టప్రకారం అతనికి ఎప్పటికప్పుడు వైద్యపరీక్ష తప్పనిసరి, దుమ్ము జబ్బు తేలితే ప్రభుత్వానికి తెలపాలి. అదే దుమ్ములో బతికే అతని భార్యకు, పక్కింటి రైతుకు ఆ హక్కు లేదు. వాళ్ళు పోయినప్పుడు కాగితం మీద గుండెపోటు అని పడుతుంది గానీ గాలి అని ఎవరూ రాయరు. గని గేటు లోపల జరిగే ఆ పరీక్షను గేటు బయటి ఊళ్ళకూ చట్టప్రకారం తీసుకురావాలి, ఘుగ్గుస్‌తో, దుర్గాపూర్‌తో మొదలుపెట్టి.