ఆరో కంచె దగ్గర నిలబడండి

ఏప్రిల్ నెల, శనివారం రాత్రి ఎనిమిదిన్నర. భద్రాచలం దాటాక దుమ్ముగూడెం దారిలో ఇప్పపూలు రాలే కాలం. ఇదే గడియకు ఇంగ్లండులో సాయంత్రం నాలుగు. లివర్‌పూల్ పక్కన ఎయిన్‌ట్రీ మైదానంలో 34 గుర్రాలు బారు తీరాయి. గ్రాండ్ నేషనల్ మొదలవబోతోంది. దాదాపు ఏడు కిలోమీటర్ల పరుగు, 30 దూకుళ్లు. జనమంతా గెలుపు గీత దగ్గర మూగుతారు. మీరు మాత్రం నాతో ఆరో కంచె దగ్గరికి రండి, ఈ పందెం కథంతా అక్కడే ఉంది.

ముందు 1839 ఫిబ్రవరి 26. దున్నిన పొలాల మీదుగా 17 గుర్రాలు దూసుకొస్తుంటే కాళ్ల కింద నేల అదురుతోంది. ముందున్న కాన్రాడ్ అనే గుర్రం ఈ కంచెకు తగిలింది, దాని మీదున్న కెప్టెన్ మార్టిన్ బీచర్ ఎగిరి అవతలి వాగులో పడ్డాడు. వెనకాలే డెక్కల మోత! లేస్తే ప్రాణం దక్కదు. నీళ్లలోనే ఒదిగి, తల మీదుగా ఒక్కొక్క గుర్రం దాటిపోయేదాకా ఉన్నాడు. ఆ రోజు గెలిచింది లాటరీ అనే గుర్రం, నడిపినవాడు జెమ్ మేసన్. అయినా ఆ చోటుకు నిలిచిపోయిన పేరు పడ్డవాడిదే: బీచర్స్ బ్రూక్, అంటే బీచర్ వాగు.

కంచె కొలత 4 అడుగుల 10 అంగుళాలు. అవతల నేల ఇంకా పల్లం. పైకి లేచాక గాని గుర్రానికి ఆ సంగతి తెలియదు.

ఇంకొక్క కంచె ముందుకు నడవండి. 1967 ఏప్రిల్, రెండో చుట్టు. రౌతును పడేసిన పొపమ్ డౌన్ అనే గుర్రం అడ్డంగా తిరిగింది. ఒకదాని మీద ఒకటి గుర్రాలు ఆగిపోయాయి, రౌతులు కంచె అవతలికి పడుతున్నారు, కొందరు తమ గుర్రాల కోసం పరుగెడుతున్నారు. ఎక్కడో వెనకబడిన ఫొయినావన్ అప్పుడొచ్చింది. దాన్ని నడుపుతున్న జాన్ బకింగ్‌హామ్ సందు చూసుకుని దూకించాడు. పందెం కాసేవాళ్ల లెక్కలో ఒకటికి వంద పలికిన గుర్రం గెలిచింది. ఇప్పుడు ఆ కంచె పేరే ఫొయినావన్.

మూడుసార్లు గెలిచిన రెడ్ రమ్‌ను గెలుపు గీత దగ్గరే పూడ్చిపెట్టారు. 2021లో రేచల్ బ్లాక్‌మోర్ ఈ పందెం గెలిచిన తొలి మహిళ అయింది. గొప్ప సంగతులే, కాదనను. కానీ మళ్లీ ఆరో కంచె దగ్గరికే రావాలి. 1989లో ఇక్కడ రెండు గుర్రాలు చనిపోయాక వాగును చాలావరకు పూడ్చారు. 2012 పందెంలో మరో రెండు పోయాక కంచెల లోపలి గట్టి కర్రలు తీసి ప్లాస్టిక్ పెట్టారు. 2024లో 40 గుర్రాలను 34కు తగ్గించారు. ఆ ఏడు ఒక్కటీ పడలేదు.

పందెం పస తగ్గిపోయిందని గొణిగేవాళ్లున్నారు. వాళ్ల మాట నాకు మింగుడుపడదు. 2025లో సెలెబ్రె దలెన్ అనే 13 ఏళ్ల గుర్రం చివరి కంచె దాటాక కుప్పకూలి, కొన్ని రోజులకు చనిపోయింది. పందేనికి దిగుతానని ఆ గుర్రం ఎవరినీ అడగలేదు. 34 కూడా ఎక్కువే, ఇంకా తగ్గించాలి.